బోసి చేతుల ఫొటో

కిందటి వారం తారిని గెలిపించి మీ అందరినీ సంతోషపెట్టాను. ఆ సంతోషాన్ని ఈ వారం ఉంచలేను. ఉన్నది ఉన్నట్టు రాస్తానని మొదటి భాగంలోనే పెద్ద గొప్పగా మాటిచ్చాను కదా, ఇప్పుడు మింగలేకా కక్కలేకా కూర్చున్నాను.

మధ్యలో వచ్చి చదివేవాళ్లకు నాలుగు మాటలు. నేను వెంకట్రాంను. అప్పట్లో స్టేషన్ ఘన్‌పూర్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టర్ని. షావుకార్ల ఇంట్లో పుట్టి, తక్కెడ పట్టకుండా విజిల్ పట్టానని మా అన్న జగపతి నన్ను చివరిదాకా దెప్పాడు. తారి, కొడకండ్ల దారిలో ఉన్న లంబాడా తండాకు కోడలు. నెత్తి మీద కట్టెల మోపుతో, కదిలిపోతున్న ప్యాసింజర్ వెంట ఉరికి ఎక్కడం చూసి ఆమెను గ్రౌండుకు తెచ్చాను. తండా ఆడమనిషికి ఆటలేమిటని నవ్విన ఊరే, హన్మకొండలో ఆమె అందరినీ వెనకేసినప్పుడు నోరు మూసుకుంది.

అది అరవై తొమ్మిదో సంవత్సరం. ఊరూరా తెలంగాణ కోసం బళ్లు మూశారు, రైళ్లు ఆపారు. తారి మొగుడు బాల్‌సింగ్ పట్టాల మీద కూర్చుని జైలుకు పోయాడు. ఈ గొడవల్లో పెళ్లాన్ని కోస్తాకు పంపుతావా అని ఊళ్లోవాళ్లు అడిగితే, పోయే ముందు అతను ఒకే మాట అన్నాడు: “ఆమె ఉరుకుడు ఆమెది, నా కొట్లాట నాది. రెండు చేతులు రెండు పనులు చేస్తె తప్పేంది?” అలా పంపిన మనిషి అతను. కోస్తాలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక పట్నంలో రాష్ట్రస్థాయి పోటీలు జరిగాయి. ఎనిమిది వందల మీటర్లలో తారి మొదటిదిగా వచ్చింది. రాష్ట్ర జట్టులోకి తండా నుంచి వెళ్లిన మొదటి ఆడపిల్ల ఆమె.

పరుగుకు ముందు ఆమె మోచేతుల పైన ఉండే తెల్లటి గాజులు తీయించానని కిందటి వారం ఒక్క వాక్యంలో రాసి దాటేశాను. రూలు ప్రకారం అని కూడా రాశాను. పాఠకులు క్షమించాలి, అది అబద్ధం. ఈ భాగమంతా ఆ ఒక్క వాక్యం గురించే.

ఆ గాజుల్ని తండాలో బలియలంటారు. పెళ్లినాడు మోచేతి పైన వరసగా ఎక్కిస్తారు. మళ్లీ తీసేది మొగుడు పోయిన రోజునే. ఈ సంగతి నాకు తెలియదా అంటే తెలుసు. మా దుకాణం మెట్ల మీద తండా వాళ్లను చూస్తూ పెరిగినవాణ్ణి. తారి ఏడ్చింది, వద్దంది. తీయకపోతే ఉరకనివ్వరని చెప్పాను. ఇక్కడ మనల్ని ఎరిగినవాళ్లు ఎవరున్నారు, ఇంటికి పోయేలోపు మళ్లీ వేసుకోవచ్చన్నాను. సబ్బు రాసి లాగితే ఒక్కొక్కటే వచ్చాయి. ఎడమ చేతివి రెండు విరిగిపోయాయి. చెంపల పక్కన వేలాడే వెండి ఘుగ్రీలు కూడా విప్పించి, జుట్టు వెనక్కి కట్టించాను. గెలిచాక ఫొటోగ్రాఫర్ నవ్వమ్మా అంటే ఆమె నా వైపు చూసింది. నవ్వు, తారీ, నవ్వు అన్నది కూడా నేనే.

మర్నాడు పేపర్లో బొమ్మ పడింది. ఇంతెత్తున, తెల్ల జాకెట్టు వేసుకుని, రెండు చేతులూ బోసిగా. నాకు ఒళ్లు తెలియలేదు. పోస్టాఫీసుకు పోయి మా అన్నకు టెలిగ్రాం కొట్టాను, ఆ పేపరు ఒకటి తండాకు పంపించమని. ఏ జన్మలో చేసుకున్న పాపమో, నా మాట వినని మా అన్న ఆ ఒక్కసారి విన్నాడు.

మేం వెంటనే తిరిగి రాలేకపోయాం. సెలక్షన్ వాళ్లు నాలుగు రోజులు ఆపారు. తర్వాత మహబూబాబాద్‌లో రైలు ఆగిపోయింది, ముందర పట్టాల మీద జనం కూర్చున్నారు. రెండు రోజులు స్టేషన్‌లోనే అటుకులు తిని గడిపాం. విరిగిన రెండు గాజులకు బదులు దొరుకుతాయేమోనని తారి బజారంతా తిరిగింది. బందుకు దుకాణాలన్నీ మూసే ఉన్నాయి. వరస నిండకుండా వేసుకోకూడదట, అందుకని మిగిలినవి మూటలోనే ఉన్నాయి. ఒక వడ్ల లారీ మీద తొర్రూరు దాకా వచ్చి, అక్కడి నుంచి నడక మొదలుపెట్టాం. ఎండ మండిపోతుంటే కూడా తారి భుజాల నిండా దుప్పటి కప్పుకునే నడిచింది.

తండా చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నేను డప్పులు మోగుతాయని అనుకున్నాను, సిగ్గు లేకుండా చెప్తున్నాను. మెడలో వేసే దండకు అరిచేతితో మెడ తుడుచుకున్నవాణ్ణి కూడా.

మొదటి గుడిసె ముందు ఉన్న ఆడమనిషి తారిని చూసింది. చేతిలో చాట కింద పడేసి ఏడుపు అందుకుంది. అది మామూలు ఏడుపు కాదు, రాగం తీసి, పేరు పెట్టి, చచ్చినవాళ్ల గుణాలు చెప్పుకుంటూ ఏడ్చే ఏడుపు. ఇంకో గుడిసెలోంచి ఇద్దరొచ్చారు. తారిని చుట్టేసి, మెడ పట్టుకుని అదే రాగంలో కలిశారు. ఆ రాగం మధ్యలో ఒక పేరు నాకూ వినిపించింది. బాల్‌సింగ్.

తారి నేల మీద కూలబడింది. దుప్పటి జారిపోయింది. బోసి చేతులు చూసి ఆడవాళ్ల గొంతులు ఇంకా పెరిగాయి. ఆమె నేల మీద చేతులు కొట్టుకుంటూ మొగుడి పేరు పిలవడం మొదలుపెట్టింది. జైల్లో ఏదో అయిపోయిందని నేనూ నమ్మాను. ఆ రోజుల్లో అక్కడ కాల్పులట, ఇక్కడ కాల్పులట అని రోజుకో కబురు వచ్చేది.

అత్త గంగి లోపలి నుంచి వచ్చింది. ఏభై ఏళ్ల మనిషి, పదిరోజుల్లో ముసలిదైపోయింది. కోడలి పక్కన కూర్చుని, నెత్తి మీద చెయ్యి వేసి ఏడ్చింది. కాసేపటికి తారి తల ఎత్తి వాళ్ల భాషలో అడిగింది, ఎప్పుడు పోయాడు, కబురు ఎవరు తెచ్చారని. వాళ్ల మాట నాకు కొంత వచ్చు, వచ్చినంత మేర తెలుగులో రాస్తున్నాను.

గంగి ఏడుపు ఆపి ఆమె ముఖంలోకి చూసింది.

“కబురు తెచ్చింది నువ్వే కదనే” అంది.

తారికి అర్థం కాలేదు. గంగి లేచి లోపలికి పోయి, నాలుగు మడతలు పెట్టిన పేపరు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. మా అన్న పంపిన పేపరు. తారి బొమ్మ ఉన్నచోట మట్టి వేళ్ల గుర్తులు పడి నల్లబడి ఉంది.

తర్వాత అందరూ తలా ఒక ముక్కా చెప్పగా తెలిసింది ఇది. మా దుకాణం మనిషి ఆ పేపరు తెచ్చి, దారిలో కనిపించిన బాల్‌సింగ్ తమ్ముడు గణపతి చేతిలో పెట్టాడు. మీ వదిన బొమ్మ వచ్చిందని చెప్పి పోయాడు. తండాలో అక్షరం వచ్చినవాళ్లు లేరు. కొడకండ్ల పోయి చదివించుకొస్తానని గణపతి అన్నాడట. గంగి బొమ్మను ఒక్కసారి చూసి కూలబడిందట. చదివేటోడు ఎందుకు, చేతులు కనబడతలేవా అందట. కొడుకు జైలుకు పోయి నెల దాటింది, మనిషి లేడు, మాట లేదు. కోడలు పరదేశంలో బలియలు తీసి నిలబడింది. ఇక చదవడానికి ఏముంది? పీనుగు లేకుండానే దినం చేశారు. మూడోనాడు రొట్టె నలిపి, బెల్లం కలిపి, కొడుకు పేరు చెప్పి తండాకంతా పెట్టింది ఆ తల్లి.

ఇటు తారి వాళ్ల ఏడుపు చూసి మొగుడు పోయాడనుకుంది. అటు వాళ్లు తారి చేతులు చూసి ఆ మాటే అనుకున్నారు. ఒకరి దుఃఖానికి ఒకరు సాక్ష్యం. నడుమ బాల్‌సింగ్ చావు కబురు తెచ్చినవాడు ఒక్కడూ లేడు.

ముందు తారికే తట్టింది. ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే, అమ్మను పిలిచినట్టు యాడీ అని పిలుస్తూ అత్త రెండు చేతులూ పట్టుకుంది. “ఆయనకేం కాలే యాడీ. ఇవి ఉరకనీకి తీసిన. గంతే. ఆయనకేం కాలే.”

ఏడుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గంగి మాత్రం సంతోషపడలేదు. కొడుకు బతికే ఉన్నాడన్న మాట ఆమె చెవిన పడిందో లేదో తెలియలేదు. నెమ్మదిగా కోడలి ఎడమ చెయ్యి ఎత్తి, మోచేతి పైన గాజులు ఒరుసుకుపోయిన మచ్చలు వేలితో తడిమింది.

“మొగుడు బతికుండంగ తీసినవా?” అంది.

రూలు ఉందని తారి చెప్పింది. తీయకపోతే ఉరకనివ్వరన్నారని, సార్‌ను అడగమని చెప్పింది. ఎంత నమ్మకంగా చెప్పిందంటే, ఆ నమ్మకం నా మెడకు ఉరితాడులా చుట్టుకుంది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. రూలే అవ్వా అని ఒక్క మాట అంటే ఆ గండం గడిచిపోయేది. అనేవాణ్ణే, అబద్ధం చెప్పనంత మంచివాణ్ణి కాదు. కానీ గంగి నన్ను అడగలేదు. నాకు వినబడాలని తెలుగులోకి దిగి, కోడలినే అడిగింది.

“గాడ ఉరికిన పిల్లలందరియి తీపిచ్చిన్రా?”

తారి వెంటనే అవుననబోయింది. నోరు తెరిచి ఆగింది. నుదురు ముడుచుకుని ఏదో గుర్తు చేసుకుంది. రెండు నిమిషాల పైచిలుకు పరుగులో పక్కన ఉరికేవాళ్లు ఆమెకు కనబడరని నేను అనుకునేవాణ్ణి.

“నా పక్క గీతల పిల్ల చేతికి గాజులుండె” అంది నెమ్మదిగా. “ఎర్రయి. రెండు రెండు.”

చెప్పి నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ చూపులో. నేనేదో చెప్తానని, అది విని తల ఊపుదామని ఎదురుచూస్తోంది.

“రూలు లేదు తారీ. ఎవ్వరు తీయమనలే. నేనే తీపిచ్చిన.”

ఎందుకని అడిగింది. ఎందుకో ఇన్నేళ్లకు మీకూ చెప్తాను. పోటీకి ముందు రోజు ప్రాక్టీసులో, ఉరుకు తారీ ఉరుకు అని నేను అరిస్తే గట్టు మీద కూర్చున్నవాళ్లు పగలబడి నవ్వారు. నా యాసను నాకే వెక్కిరిస్తూ అప్పజెప్పారు, సినిమాల్లో నవ్వించడానికి మన తెలంగాణ మాట పలికించినట్టు. ఇరవై ఏళ్లుగా పిల్లల్ని తలెత్తుకు నడవమని నేర్పిన డ్రిల్లు మాస్టరు తల దించుకున్నాడు. తర్వాత తారి గాజులు గలగలలాడితే మళ్లీ నవ్వారు. నన్ను చూసి నవ్విన నవ్వును నేను ఆపలేకపోయాను. ఆమెను చూసి నవ్వే నవ్వునైనా ఆపుదామనుకున్నాను. ఆ నవ్వినవాళ్లతో కొట్లాడే ధైర్యం లేక, నన్ను నమ్మిన పిల్ల చేతుల మీద పడ్డాను.

ఇదంతా తండా నడుమ చెప్పలేదు. నవ్విన్రు తారీ, అన్నాను. అంతే అన్నాను.

“నవ్వితె నవ్వుకోనియ్యరాదా?” అంది తారి. “హన్మకొండల గవి వేసుకునే గెలిస్తి గద సార్.”

తిట్టినా బాగుండేది. గంగి లేచి నా చెంప పగలగొట్టినా బాగుండేది.

అప్పటిదాకా గుంజకు ఆనుకుని నిలబడ్డ గణపతి, ఇక దాచలేక ముందుకొచ్చాడు. తల్లి ముఖం చూడకుండా చెప్పాడు. అన్న వచ్చాడట. నాలుగు రోజుల కిందట, మూడోనాటి పళ్లేలు పెడుతున్న వేళ, మోదుగుచెట్ల కాడ నిలబడి ఉన్నాడట. మొదట దయ్యమనుకుని గణపతి చెయ్యి కొరుక్కున్నాడట. ఆ పొద్దునే జైలు నుంచి వదిలితే ఘన్‌పూర్‌లో దిగాడు. మా అన్న గర్వపడి దుకాణం గోడకు అంటించిన పేపరు చూశాడు. చూసి ఇంటికొస్తే, తన దినం తనే చూశాడు.

తమ్ముణ్ణి ఒక్కటే అడిగాడట. పోలీసులు బలవంతాన తీశారా, తనే తీసిందా అని. నాకేం తెలుసు అన్నా, ఫొటోల నవ్వుకుంట ఉన్నది, అన్నాడట గణపతి.

“గప్పుడు ఏమన్నడు?” తారి మరిది ముందుకు జరిగి అడిగింది.

“నేను బతికుండంగ తీసిందంటె నేను లేననుకున్నట్టే గద అన్నడు వదినా. ఇగ నన్ను లేనట్టే ఉండనియ్యుండ్రి అన్నడు. ఎవ్వరికి చెప్పద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నడు.”

చిట్యాల అవతల, భూపాలపల్లి అడవి అంచున తునికాకు కల్లం ఒకటుంది. కూలీలు ఆకు కట్టలు తెచ్చి ఆరబెట్టే చోటు. బాల్‌సింగ్ అక్కడికి పోయాడట. ఎల్లుండితో అక్కడి పని ఐపోతుంది, గుంపు గోదావరి దాటి ఎటో పోతుంది. దాటితే ఏ రాష్ట్రంలో వెతకాలో కూడా తెలియదు. బందు కాబట్టి బస్సుల్లేవు.

గంగి లోపలికి పోయి రెండు రొట్టెలు గుడ్డలో కట్టి తెచ్చింది. తను రానంది. కొడుకు బతికుండగా దినం పెట్టిన దాన్ని, ఏ ముఖంతో పోయి నిలబడాలంది. తారి మూట అందుకుని నా ముందుకు వచ్చింది.

“సార్, మీరు నాతోని రండి. ఇప్పుడు గీడ చెప్పిన మాట ఆయన ముందట గట్లనే చెప్పుండ్రి. నేను చెప్తె నమ్మడు.”

ఆమె నన్ను అడిగిన సాయం అదొక్కటే. గ్రౌండుకు రమ్మని నేను అడిగితే వచ్చింది. కోస్తాకు రమ్మంటే వచ్చింది. తీయమంటే తీసింది. నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను. బొబ్బలెక్కాయన్నాను. రెండు రోజులుగా నిద్ర లేదన్నాను. రేపు పొద్దుగాల పోదామన్నాను. బొబ్బలు నిజమే. కానీ నాకు దండ వేస్తామంటే ఆ కాళ్లు అడవి దాకా కూడా నడిచేవి. తండా ముందు ఒకసారి దించిన తలను, ఆ మనిషి ముందు మళ్లీ దించడానికి నాకు ప్రాణం ఒప్పలేదు.

తారి నన్ను బతిమాలలేదు. సరే సార్, అంది. దుప్పటి అక్కడే వదిలేసి బయల్దేరింది. గణపతి వెంటపడ్డాడు గానీ చెరువు మలుపు కూడా దాటకముందే ఆయాసంతో నడుం పట్టుకుని నిలబడిపోయాడు. అన్ని పరుగుల్లోనూ ఆమె పక్కన నిలబడి గడియారం చూసినవాణ్ణి నేను. ఆ ఒక్క పరుగుకు గడియారం పట్టలేదు.

మర్నాడు బయల్దేరాను, అదైనా నిజం. పొద్దున కాదు, ఎండెక్కాక. ఎడ్లబండి, నడక, మళ్లీ ఎడ్లబండి. కల్లం చేరేసరికి మూడో రోజు మధ్యాహ్నం అయింది. ఆకు కట్టలు లేవు, మనుషులు లేరు. కాపలా ఉండే ముసలాయన లస్మయ్య ఒక్కడే చెట్టు కింద చుట్ట తాగుతున్నాడు. ఇట్లా ఇట్లా ఒక తండా ఆడమనిషి వచ్చిందా అని అడిగాను.

వచ్చిందన్నాడు. అరికాళ్లు పగిలి నెత్తురు కారుతుంటే వచ్చిందట. ఆ మనిషి ముందు నిలబడి చాలాసేపు చెప్పిందట. అంతా విని అతను ఒకే ఒక్క మాట అడిగాడట, నీ సారు ఏడీ అని.

ఆమె ఏం చెప్పింది, ఇద్దరూ ఎటు పోయారని అడిగాను. లస్మయ్య చుట్ట నోట్లోంచి తీసి, నా ముఖం నుంచి కాళ్ల దాకా, కాళ్ల నుంచి ముఖం దాకా చూశాడు.

“గా సారువు నువ్వేనా?” అన్నాడు.